వేలిముద్రకు చీటీ ఇప్పించండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మాది అల్లూరు మండలం. మా అమ్మ చాలా ఏళ్లు నాట్లు వేసింది, తర్వాత రొయ్యలు ఒలిచే పనికి పోయింది. ఆమె వేళ్ల మీద గీతలు సగం అరిగిపోయాయి. బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బిచ్చే బ్యాంక్ మిత్ర దగ్గర ఆధార్‌తో డబ్బు తీసుకోవాలంటే మిషన్ మీద రెండు మూడుసార్లు వేలు పెట్టాల్సిందే. గత వేసవిలో అలాగే మూడుసార్లు పెట్టించి, "సర్వర్ లేదమ్మా, రేపు రా" అని పంపేశాడు. వారం తర్వాత పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే అదే రోజు 2,000 రూపాయలు పోయినట్టుంది.

బ్యాంకులో అడిగితే స్లిప్ మీదుండే 12 అంకెల ఆర్ఆర్ఎన్, అంటే ఆ లావాదేవీ గుర్తింపు నంబర్ చెప్పమన్నారు. స్లిప్ ఇస్తే కదా చెప్పడానికి! మెసేజ్ చూద్దామంటే ఖాతాకిచ్చిన సిమ్ ఎప్పుడో పోయింది. ఎవరూ వేలిముద్రతో డబ్బు తీయకుండా ఆధార్ లాక్ చేసుకోమని కొందరు సలహా ఇచ్చారు. ఆధార్‌కిచ్చిందీ ఆ నంబరే, దానికీ ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. డబ్బు చివరికి 23వ రోజున పడింది. అన్నాళ్లూ ఇంట్లో టెన్షనే. మిత్ర మోసం చేశాడని నేననను. నెట్‌వర్క్ తెగి ఉండొచ్చు. ఏం జరిగిందో చెప్పే కాగితం మా చేతిలో లేకపోవడమే నా బాధ.

ఆధార్ లావాదేవీ మధ్యలో ఆగి ఖాతాలో డబ్బు తగ్గితే అయిదు రోజుల్లో తిరిగి వేయాలని, దాటితే రోజుకు 100 రూపాయలు అడగకుండానే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20న సర్క్యులర్ ఇచ్చింది. ఆ లెక్కన అమ్మకు 1,800 రావాలి. ఒక్క రూపాయి రాలేదు.

ఇంకో సంగతి. ఆ మిత్ర బల్ల మీద ఒక నోటుబుక్ తెరిచి ఉంటుంది. వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబర్, ఆధార్ 12 అంకెలూ అందులో రాస్తాడు. రేపు ఎవరైనా అడిగితే రికార్డు ఉండాలి కదా అంటాడు. ఉండాల్సిందే. దానికి లావాదేవీ నంబర్, ఆధార్ చివరి నాలుగంకెలు చాలు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఇక్కడ అమ్మ వివరాలన్నీ వాళ్ల పుస్తకంలో ఉన్నాయి, వాళ్లేం చేశారో చెప్పే ముక్క ఒక్కటీ అమ్మ దగ్గర లేదు.

బ్యాంకర్లతో డీసీసీ (జిల్లా సంప్రదింపుల కమిటీ) సమావేశం మీ అధ్యక్షతనే జరుగుతుంది. వచ్చే సమావేశంలో ఈ మాట పెట్టండి. లావాదేవీ ఫెయిలైనా సరే, వేలు పెట్టిన ప్రతిసారీ తెలుగులో స్లిప్ ఇవ్వాలి. వేలు పెట్టించే ముందు ఎంత తీస్తున్నారో పైకి చదివి చెప్పాలి. ఆ నోటుబుక్కులు తీయించండి. ప్రింటర్ లేని మిత్రకు ప్రింటర్ బ్యాంకే ఇవ్వాలి, ఆ ఖర్చు అతని కమీషన్ మీద పడకూడదు.

అమ్మకు రావాల్సిన పరిహారం కోసం బ్యాంకుకు వేరే ఫిర్యాదు ఇచ్చాం. మిమ్మల్ని అడిగేది ఆ స్లిప్ గురించే.

ఇట్లు,
అల్లూరు మండలం నుంచి ఒక కూతురు