ఆ ఎర్ర కారుకి అడ్వాన్సు ఇచ్చే ముందు

హిరోషిమా,
ఆదివారం రాత్రి

ఒరే శ్రీనూ,

నిన్న పొద్దున లేచేసరికి నీ ఫోటో వచ్చి ఉంది. ఎర్ర మజ్దా ఆర్‌ఎక్స్-8, 2006 మోడల్, నాలుగు వేల డాలర్లు. కింద "కొననా?" అని ఒకే ఒక్క మాట. ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను కానీ మనసొప్పలేదు. ఆరేళ్ళుగా ఆ కారు పుట్టిన ఊళ్ళో ఉంటున్నాను. రోజూ ఆఫీసుకి పోయే రైలు ఆ కంపెనీ పక్కనుంచే పోతుంది. నేను నడిపేది కూడా వాళ్ళ చిన్న కారే, డెమియో. కాబట్టి దీని సంగతి నీకు మొదట్నుంచీ చెప్పాలనిపించింది. తీరిగ్గా కూర్చుని చదువు. అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

మజ్దా అనగానే నీకు ముందు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. మన తెనాలి బడి వ్యాను! ముందు సీటు కోసం మనిద్దరం కొట్టుకున్న ఆ స్వరాజ్ మజ్దా. 80లలో పంజాబ్ ట్రాక్టర్స్ వాళ్ళు మజ్దాతోనూ, జపాన్‌కే చెందిన సుమితొమోతోనూ కలిసి పెట్టిన కంపెనీ అది. మనవైపు హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో వ్యాన్లు చేసిందీ ఆ రోజుల్లోనే. తరవాత మజ్దా తప్పుకుంది, 2011లో ఆ కంపెనీ పేరు ఎస్‌ఎమ్‌ఎల్ ఇసుజు అయింది. మన దేశంలో మాత్రం వాళ్ళ కార్లు అమ్మలేదు. అందుకే మనకి మజ్దా అంటే ఇప్పటికీ వ్యానే.

ఇక్కడ ఆ పేరుని ఎవరూ మజ్దా అనరు, మత్సుదా అంటారు. అది కంపెనీని నిలబెట్టిన జుజిరో మత్సుదా ఇంటిపేరు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం పాత పారశీకుల దేవుడు అహుర మజ్దా పేరుతో కలిసేలా రాసుకున్నారు. మన సంస్కృతం మాస్టారు ఉంటే ఎంత సంబరపడేవారో! అహుర అంటే మన అసుర, మజ్దా అంటే మన మేధ. రెండు భాషలూ ఒకే వేరు నుంచి వచ్చినవి కదా. మన బడి వ్యాను మీద మేధ అని రాసి ఉన్నట్టే అన్నమాట.

మత్సుదా జాలరి కుటుంబంలో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే ఒసాకా వెళ్ళి కమ్మరి పని నేర్చుకున్నాడు. 1920లో హిరోషిమాలో పెట్టిన కంపెనీ చేసిందేమిటో తెలుసా? సీసాలకి పెట్టే బిరడాల సరుకు, కార్క్. ఏడాది తిరక్కుండానే వ్యాపారం కుంటుపడితే ఆ కంపెనీని మత్సుదా చేతుల్లో పెట్టారు. ఆయన యంత్రాల మనిషి కాబట్టి దాన్ని యంత్రాల వైపు తిప్పాడు. 1931లో మొదటి బండి వచ్చింది, మూడు చక్రాల సరుకు బండి. మన ట్రాలీ ఆటోకి తాతయ్య అనుకో.

ఇక 1945 సంగతి. ఊరికి తూర్పున హిజియామా అని ఒక గుట్ట ఉంది. పెద్ద ఎత్తేం కాదు, మన వైపు గుడి కట్టే గుట్టంత. వసంతంలో చెర్రీ పూలు చూడ్డానికి జనం అక్కడ చాపలేసుకుని కూర్చుంటారు. మొదటి ఏడాది నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఆ గుట్ట సంగతి తరవాత తెలిసింది. ఆగస్టు 6న బాంబు పడ్డప్పుడు, అవతల ఫుచూలో ఉన్న ఫ్యాక్టరీని చాలావరకు కాపాడింది ఈ గుట్టే. ఆ రోజు మత్సుదాకి 70వ పుట్టినరోజు. పొద్దున్నే ఊళ్ళోకెళ్ళి క్షవరం చేయించుకుని బయల్దేరిన కాసేపటికే బాంబు పడింది. ఆయన బతికాడు. ఊరంతా బూడిదైతే, నిలబడి ఉన్న ఫ్యాక్టరీ భవనంలోనే ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిది, దాని ప్రభుత్వ ఆఫీసు కొన్నాళ్ళు నడిచింది. అదే ఏడాది డిసెంబర్‌కల్లా మూడు చక్రాల బళ్ళు మళ్ళీ తయారవడం మొదలైంది. నాలుగు నెలలు! ఇది తెలిసినప్పటి నుంచీ రైలు ఆ ఫ్యాక్టరీ దాటుతుంటే నేను ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తాను.

నీకు అసలు చెప్పాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు, కెనిచి యమమోటో. నువ్వు కొనాలనుకుంటున్న ఇంజిన్‌కి పెద్ద దిక్కు ఆయనే. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, యుద్ధం అయ్యాక హిరోషిమాకి తిరిగొచ్చాడు. తోబుట్టువు బాంబుకి బలైపోయింది. దొరికిన పని ఈ కంపెనీలోనే, గేర్‌బాక్సులు బిగించే చోట. అక్కణ్ణుంచి డిజైన్ విభాగానికి ఎదిగాడు.

1960ల మొదట్లో జపాన్ ప్రభుత్వం చిన్న కార్ల కంపెనీలన్నీ పెద్దవాటిలో కలిసిపోవాలనే ఆలోచనలో పడింది. విడిగా బతకాలంటే ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటి చేతిలో ఉండాలి. అలా 1961లో జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూతో ఒప్పందం చేసుకుని, ఫెలిక్స్ వాంకెల్ రోటరీ ఇంజిన్ తెచ్చుకున్నారు. మామూలు ఇంజిన్‌లోలాగా పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకోదు. మీ తాతగారి ఊళ్ళో గానుగ చూశాం గుర్తుందా? రోకలి రోలు గోడని ఒరుసుకుంటూ తిరిగేది. అలాగే నడుం కాస్త నొక్కినట్టున్న కోల గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. ప్రతి మూల చివరా గోడని రాసుకుంటూ ఒక సన్నటి పట్టీ ఉంటుంది. దాన్ని అపెక్స్ సీల్ అంటారు. ఆ పేరు బాగా గుర్తుపెట్టుకో.

జర్మనీ నుంచి వచ్చిన ఇంజిన్‌ని తిప్పుతుంటే లోపలి గోడ మీద అలలు అలలుగా గీతలు పడేవి. దయ్యం గోళ్ళతో గీకినట్టున్నాయని ఇక్కడి ఇంజినీర్లు వాటికి దయ్యం గోళ్ళ గీతలని పేరు పెట్టారు. యమమోటో కింద 47 మంది ఇంజినీర్లు. జపాన్‌లో 47 అంటే, చనిపోయిన యజమాని పగ తీర్చుకోవడానికి ప్రాణాలిచ్చిన 47 మంది సమురాయిల కథ అందరికీ తెలుసు. వీళ్ళనీ అలాగే పిలిచారు. ఏళ్ళ తరబడి సీలు ఆకారం మార్చారు, లోహం మార్చారు. చివరికి కార్బన్, అల్యూమినియం కలిపిన సీలు నిలిచింది. 1967లో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. మరుసటేడు జర్మనీలో 84 గంటలు ఆగకుండా నడిచే పోటీకి రెండు కాస్మోలు పంపితే, ఒకటి నాలుగో స్థానంలో వచ్చింది. ఎన్‌ఎస్‌యూ కూడా 1967లోనే ఇదే రకం ఇంజిన్‌తో కారు తెచ్చింది. దాని సీళ్ళు అరిగిపోయి, ఇంజిన్లు మార్చి మార్చి ఆ కంపెనీ బాగా దెబ్బతింది.

కంపెనీ మ్యూజియంలో నేను ఆ కాస్మోని చూశాను. తెల్ల కారు, ఎంత కిందికి ఉందంటే పక్కన నిలబడితే పైకప్పు నా నడుం దగ్గరికి వస్తుంది. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను రా.

కానీ రోటరీకి పెట్రోల్ దాహం ఎక్కువ. 1973లో చమురు ధరలు మండిపోయాక అమెరికాలో ఆ కార్లని కొనేవాళ్ళే లేకుండా పోయారు. కంపెనీ మునిగినంత పనైతే సుమితొమో బ్యాంకు ఆదుకుంది. ఫ్యాక్టరీలో నట్లు బిగించేవాళ్ళని షోరూముల్లో కార్లు అమ్మడానికి పంపారు. 1979లో ఫోర్డ్ పావు వంతు వాటా కొంది. అంత జరిగాక కూడా వీళ్ళు రోటరీని వదల్లేదు. 1978లో ఆర్‌ఎక్స్-7 తెచ్చారు. 1991లో ఫ్రాన్స్‌లో 24 గంటల ల మాన్స్ పందెంలో నాలుగు రోటర్ల 787బి, 55వ నంబరు కారు, మొదటి స్థానంలో వచ్చింది. ఆ పందెం గెలిచిన తొలి జపాన్ కంపెనీ మజ్దాయే. అదీ మ్యూజియంలో ఉంది, నారింజ, పచ్చ రంగుల్లో. పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్న తండ్రులే ఎక్కువ కనిపించారు దాని దగ్గర.

సరే, నీ ఆర్‌ఎక్స్-8 దగ్గరికొద్దాం. 2003లో వచ్చింది, 2012లో ఆగింది. ఇది కొన్నవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టుకి దీనిమీద ప్రాణం. ఇంజిన్ నిమిషానికి తొమ్మిది వేల చుట్ల (ఆర్‌పీఎం) దాకా వణుకు లేకుండా ఎక్కుతుంది, స్టీరింగ్ తిప్పితే చెప్పిన మాట వింటుంది, వెనక తలుపులు వెనక్కి తెరుచుకుని పిల్లలు కూడా ఎక్కొచ్చు. ఇక్కడ మా ఆఫీసులో ఒకాయన పదిహేనేళ్ళుగా నడుపుతున్నాడు. నన్నొకసారి కొండ దారిలో ఎక్కించుకెళ్ళాడు. ఆ ఇంజిన్ శబ్దం ఇంకా చెవుల్లో ఉంది. ఇంకో జట్టు ఇంజిన్ మార్పించుకుని, డబ్బు పోగొట్టుకుని, మళ్ళీ మజ్దా వైపు చూడనివాళ్ళు. ఇద్దరు చెప్పేదీ నిజమే, అబద్ధం ఎవరూ ఆడట్లేదు.

కారణం ఇంజిన్ పనిచేసే తీరులోనే ఉంది. సీళ్ళు అరగకుండా ఉండటానికి ఈ ఇంజిన్ కావాలనే కొంచెం ఇంజిన్ ఆయిల్‌ని లోపలికి తీసుకుని కాలుస్తుంది. అది రిపేరు కాదు, దాని తిండి. మామూలు కారులాగా ఆయిల్ మార్చినప్పుడే చూద్దాంలే అని వదిలేసినవాళ్ళ ఇంజిన్లు ఎండిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఇంటి ముందు నాలుగడుగులు జరిపి ఆపేస్తే లోపల పెట్రోల్ నిండిపోయి మళ్ళీ స్టార్ట్ కాదు. పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ నీరసిస్తే మిగతావన్నీ దాని వెనకే పాడవుతాయి. సీళ్ళలో బలం తగ్గిన ఇంజిన్‌కి ఒక గుర్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఆపి మళ్ళీ తిప్పితే మొరాయిస్తుంది. ఇలాంటి ఇబ్బందులు ఎక్కువై, అమెరికాలో తొలి మోడళ్ళకి కంపెనీయే ఇంజిన్ వారంటీని 8 ఏళ్ళకి, లక్ష మైళ్ళకి పెంచింది. నీ 2006 కారుకి ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. కాబట్టి ఇప్పుడు ఏమొచ్చినా నీ జేబులోంచే.

మైలేజీ గ్యాలన్‌కి 18 మైళ్ళు వస్తే గొప్ప, అదీ ప్రీమియం పెట్రోల్‌తో. వదిన ఏమంటుందో నువ్వే ఆలోచించుకో.

ఇంకొకటి, మంచు కరగడానికి మీ ఒహాయో రోడ్ల మీద చల్లే ఉప్పు. 2000లలో వచ్చిన మజ్దాలకి వెనక చక్రాల పైన తుప్పు పడుతుందని మంచు ప్రాంతాల ఓనర్లు చాలామంది చెప్పే మాట. ఫోటోలో ఎర్ర రంగు మెరుస్తోంది కానీ కారు కింద చూడాలి. లిఫ్ట్ మీద ఎక్కించి చూపించమను. ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచి వచ్చెయ్.

ఈ కంపెనీ కార్లన్నీ ఇంతే అనుకోకు. 2011 నుంచి స్కైయాక్టివ్ అని కొత్త ఇంజిన్లు తెచ్చారు. పెట్రోల్, డీజిల్ రెండింటికీ 14:1 కంప్రెషన్, అంటే లోపలి గాలిని పద్నాలుగో వంతుకి నొక్కేలా, పెట్టడం అప్పట్లో పెద్ద సంగతి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) లేని 2.5 లీటర్ల పెట్రోల్ ఎస్‌యూవీ సీఎక్స్-5 కొన్నవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి ఆయిలూ బ్రేకులూ తప్ప ఏమీ ముట్టుకోలేదంటారు. వాళ్ళ ఫిర్యాదులు వెనక సీటు ఇరుకు, రోడ్డు శబ్దం వినిపిస్తుంది, అలాంటివి. డీజిల్ తీసుకుని ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిరిగినవాళ్ళు మసి పేరుకుని బాధపడ్డారు. టర్బో పెట్రోల్ కొన్న కొందరికి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారడం తలనొప్పయింది. సాలీడు సంగతి విన్నావా? 2011లో మజ్దా 6 కార్లని వెనక్కి పిలిచారు, పెట్రోల్ ట్యాంకు గాలి గొట్టంలో పసుపు రంగు సాలీళ్ళు గూళ్ళు కడుతున్నాయని. పెట్రోల్ వాసన వాటికి ఇష్టమట! 2014లో మళ్ళీ అదే జరిగింది.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నా. ఇంట్లో ఉన్న ఒక్క కారూ ఇదే అయితే వద్దు. నీ పొద్దుటి డ్యూటీకి, చిన్నదాని బడికి సీఎక్స్-5 కొను. రెండో కారుగా, వారాంతాల్లో ప్రాణం పెట్టి చూసుకునేందుకైతే నేను వద్దనను. కానీ ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచే పరీక్ష, చేయించు. మామూలు గేజీతో కాదు, రోటరీకి వేరే పరికరం ఉంటుంది. అది ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళు. రెండు రోటర్లు, ఒక్కోదానికి మూడు ముఖాలు, అంటే ఆరు నంబర్లు రావాలి. ఆరూ బాగుండాలి, ఒకదానికొకటి దగ్గరగానూ ఉండాలి. అమ్మేవాడు "అదంతా ఎందుకు సార్" అంటే అదే నీకు జవాబు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలాగి, నీ చేత్తో నువ్వే స్టార్ట్ చేసి చూడు. కొన్నాక పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడటం అలవాటు చేసుకో.

రోటరీ ఇంకా పోలేదు రా. 2023లో ఎంఎక్స్-30 కారులో బ్యాటరీకి కరెంటు తయారుచేసే చిన్న ఇంజిన్‌గా మళ్ళీ తెచ్చారు. చక్రాలు తిప్పదు కానీ బతికే ఉంది. యమమోటో 2017లో పోయారు, ఇది చూడలేదు.

ఇక్కడ పదకొండున్నరైంది. రేపు డెమియోని షకెన్‌కి తీసుకెళ్ళాలి, అంటే రెండేళ్ళకోసారి చేయించే ప్రభుత్వ తనిఖీ. పొద్దున్నే లేవాలి. ఆ ఆరు నంబర్లూ రాగానే కాగితం ఫోటో తీసి పంపు, ఏ టైమైనా ఫర్లేదు. మా ఆఫీసాయనకి చూపించి అడుగుతాను. అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. చిన్నదానికి నా ముద్దులు.

నీ
రాజు