పాకం ముదిరింది

ఒరే కొండా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, పడతాను. అందరం బాగున్నాం. నాన్నకి కంటి ఆపరేషనైంది, గేదె ఈనింది. ఇక అసలు సంగతి.

భోగి ముందురోజు సాయంత్రం పెరట్లో అరిసెలు. ఐదేళ్ళ తర్వాత అత్త పండక్కొచ్చింది! నాలుగు కిలోల బియ్యం ఒక రోజంతా నానబెట్టి, పట్టించి, జల్లించిన పిండి తడిగుడ్డ కింద ఉంది (తడి ఆరిందంటే అరిసె పగుల్తుంది). మూడు కిలోల బెల్లం పొయ్యిమీద పొంగుతోంది. పాకం చూడ్డం ఎప్పుడూ అత్తే. చెంబు నీళ్ళలో చుక్కేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ కావాలి. లేతగా దింపితే నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయే. మధ్యలో ఉండేది నిమిషమో, రెండో.

సరిగ్గా ఆ నిమిషంలో బాబాయి వచ్చాడు, తువ్వాలు దులుపుకుంటూ. "కొబ్బరితోట కాగితాల మీద ఓ సంతకం పెట్టెళ్ళవే అక్కా. లాంఛనమే. పసుపు కుంకుమ కింద నీది ఇచ్చేశాం కదా."

అత్త గరిటె వదల్లేదు. "ఎనభై రెండులో ఇచ్చింది అరెకరం. అదీ ఉప్పునేల. మీ బావ ఆస్పత్రిలో ఉంటే అమ్ముదామనుకున్నా, దానికి కాగితమేదిరా?"

అక్కణ్ణుంచి నానమ్మ కాసులపేరు దాకా పోయింది. పిన్ని అరిసె చెక్కలు పక్కన పెట్టేసింది. నాన్న? నూతి గట్టుకేసి చూస్తూ కూర్చున్నాడు. 

బాబాయి ఎన్టీఆర్ చట్టం తీశాడు, పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లలకి వాటా ఇచ్చిన ఆ చట్టంలోనే పెళ్ళైన ఆడపిల్లకి వాటా లేదని. సగం నిజం. 1986లో చేసి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలుచేసిన ఆ చట్టం అప్పటికే పెళ్ళైనవాళ్ళని వదిలేసింది. కానీ 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. తాత 1999లో పోయినా పర్లేదన్నమాట. ముఖ్యంగా అడ్డొచ్చేది, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీయో. మనవాళ్ళది పెద్దమనుషుల ముందు రాసుకున్న తెల్లకాగితం! పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన పంపకం జరిగినట్టు కాదు. తోట తాత స్వార్జితమే అన్నా, వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికి వాటా ఉంది. బాబాయికి ఇవన్నీ తెలుసురా. తెలియకపోతే హక్కు విడుదల దస్తావేజు ఎందుకు రాయించుకొస్తాడు?

ఇంతలో మాడు వాసన. అత్త చుక్క వేసింది, చెంబులో టంగుమంది. అమ్మ గ్లాసుడు నీళ్ళు పోసి మళ్ళీ మరిగించింది గానీ అడుగంటిన చేదు పోతుందా? నీకు పంపుతున్నవి అవే, పాలలో నానబెట్టుకు తిను.

అత్త సంతకం పెట్టలేదు. కనుమకీ ఆగలేదు. పొద్దున్నే బస్సెక్కుతూ నా చెవిలో, "సబ్‌రిజిస్ట్రారు దగ్గర ఈసీ (ఆ భూమి మీద ఏ రిజిస్ట్రేషన్లయ్యాయో చూపే కాగితం) తీయించు. వెనక్కి ఎంతవరకూ దొరికితే అంతవరకూ" అంది. తీయిస్తే బాబాయి మొహం చూడగలనా? తీయించకపోతే మాత్రం

పోస్టాయన వచ్చేశాడు, మిగతాది తర్వాత.

నీ
బండోడు