ఎర్ర టీడీ ఇంజిన్, ఇంకా ఇవ్వని బండ్లు

నమస్కారం అండీ.

పాత కార్లు కొని, బాగుచేసి అమ్మే పని నాది. దసరాకి బండి ఇస్తానన్న ముగ్గురికి ఇంకా ఇవ్వలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "పెయింట్‌లో ఉందండీ" అంటున్నాను. ఒకటి నిజంగానే పెయింట్‌లో ఉంది. మిగతా రెండిటి సంగతి ఇది.

వేసవిలో ఒక ఎర్ర ఎంజీ టీడీ ఫొటోలు పెట్టి "1952 మోడల్, ఒరిజినల్ ఇంజిన్" అని రాశాను. ఎంజీ అంటే ఇప్పుడు రోడ్ల మీద తిరిగే ఎస్‌యూవీలు కావు. ఇంగ్లండ్‌లో అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. టీడీలు మొత్తం మీద 30 వేలకు కాస్త తక్కువే చేశారు, వాటిలో చాలా భాగం అమెరికాకే వెళ్లిపోయాయి. కుడివైపు స్టీరింగ్ ఉన్నది, అదీ నడిచే స్థితిలో, దొరికిందంటే నాలాంటి వాడికి నిద్ర పట్టదు. ఆ తొందరే కొంప ముంచింది.

ఈ ఇంజిన్‌కి ఎనిమిది మూలల ఇత్తడి బిళ్ల ఒకటి రివెట్లతో కొట్టి ఉంటుంది, నంబరు దాని మీదే. నంబరు ఆర్‌సీతో కలిసింది. అంతటితో సరిపెట్టుకున్నాను. విజయవాడ నుంచి ఒక డాక్టరు గారు వచ్చి చూసి 3 లక్షలు అడ్వాన్స్ ఇచ్చారు. ట్రయల్‌కి వెళ్లొచ్చి "క్లచ్ జారుతున్నట్టుందయ్యా" అన్నారు. క్లచ్ చూద్దామని గేర్‌బాక్స్ దించాం.

బిళ్ల మీద నంబరులో టీడీ2 అని ఉంది. 1951లో ఆ సిరీస్ నుంచి క్లచ్ పెద్దది చేశారు, 8 అంగుళాలు. మా పెద్ద మేస్త్రీ ప్లేటు బయటికి తీసి స్కేలు పెట్టాడు. ఏడుంబావు. స్కేలు నా చేతికిచ్చి టీ తాగడానికి వెళ్లిపోయాడు. నేనూ రెండుసార్లు కొలిచాను, ఏడుంబావే. అప్పుడు బిళ్ల చుట్టూ రంగు గీకి చూస్తే రివెట్లు తళతళ మెరుస్తున్నాయి. డెబ్బై ఏళ్ల రివెట్లు అలా ఉండవు. ఇలాంటి బిళ్లలు కొత్తవి ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవచ్చు, నంబరు మనమే గుద్దుకోవచ్చు.

అంటే ఎప్పుడో ఎవరో ఇందులో ఇంకా పాత టీడీ ఇంజిన్ ఎక్కించి, కాగితాలు కలవాలని బండి అసలు ఇంజిన్ నంబరే బిళ్ల మీద కొట్టించారు. మోసమని గట్టిగా అనలేను. దిగుమతులు బిగించిన రోజుల్లో ఏ ఇంజిన్ దొరికితే దాంతోనే బండి నడిపేవారు. నాకు అమ్మిన మధ్యవర్తిని అడిగితే "నువ్వు చూసుకునే కదన్నా కొన్నావు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

డాక్టరు గారికి అదే రోజు ఫోన్ చేసి చెప్పాను, మర్నాడు అడ్వాన్స్ వెనక్కి వేశాను. ఆయన "నడుపుకోవడానికే కదా, అదీ 1250 సీసీయే కదా" అంటున్నారు. ధర తగ్గించి చెప్పాను, ఇంకా ఆలోచిస్తున్నారు. ఎంతకి అమ్మినా నాకు నష్టమే.

ఇకమీద ఏ బండికీ "ఒరిజినల్" అని రాయను. ఏది విప్పి చూశాను, ఏది విప్పలేదు, అంతే రాస్తాను. బాడీ రేకు లోపల ఉండే చెక్క ఫ్రేము సంగతి కూడా చెబుతాను. ఫ్యాక్టరీలో వాడింది యాష్ అనే చెట్టు కలప. మన చెమ్మకి, చెదలకి అది ఆగదు, అందుకని ఇక్కడి వడ్రంగులు టేకుతో మార్చేస్తారు. నాకైతే టేకే ఇష్టం. పాత కార్లు సేకరించేవాళ్లకి మాత్రం చెక్క మార్చారా లేదా అన్నది లెక్కలోకి వస్తుంది.

రెండో బండి టీసీ, టీడీకి ముందు వచ్చిన ఎంజీ మోడల్. దీనికి ఆలస్యం ఒక్క బోల్టు వల్ల. ఎంజీకి ఇంజిన్లు చేసిచ్చింది మోరిస్ కంపెనీ. అది 1923లో కోవెంట్రీలో కొన్న ఇంజిన్ ఫ్యాక్టరీ అంతకుముందు హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీది. అక్కడి మెషీన్లన్నీ మెట్రిక్‌వి. అందుకే ఈ ఇంజిన్లలో బోల్టు త్రెడ్డు మిల్లీమీటర్లలో ఉంటుంది, తలకాయ మాత్రం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత స్పానర్‌కి సరిపోతుంది. 8 ఎంఎం బోల్టే, కానీ పిచ్, అంటే త్రెడ్డుకీ త్రెడ్డుకీ మధ్య దూరం, 1 ఎంఎం. రాణిగంజ్‌లో ఏ షాపులో అడిగినా చేతిలో పెట్టేది 1.25. మా కుర్రాడు అలాంటిదే ఒకటి బ్లాకులోకి ఎక్కిస్తూ "అన్నా, టైటుగా పోతోంది" అన్నాడు. నేను ఫోన్‌లో ఉండి "పోనీరా" అన్నాను. త్రెడ్డు స్లిప్పయింది. వాణ్ని తిట్టడానికి నోరు రాలేదు. బాలానగర్‌లో లేత్ మీద బోల్టులు చేయిస్తున్నాం, ఆ రంధ్రానికి ఇన్సర్ట్, అంటే లోపల కొత్త త్రెడ్డుండే గొట్టం, వేయాలి. ఖర్చు నాదే, ఇంకో ఆరు వారాలు మాత్రం మీవి.

బండి ఇంట్లోనే ఉన్నవాళ్లు ఒకసారి పెట్రోలు పైపులు చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఎథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు మెత్తబడిపోతుంది, ఎస్‌యూ కార్బురేటర్లలో కార్కు సీళ్లున్నా అంతే. తీసుకొస్తే పైపులు మార్చి ఇస్తాను, పైపుల డబ్బులు ఇస్తే చాలు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2021 రూల్స్ ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి. నంబరులో టీజీ తర్వాత వీఏ వస్తుంది. ఫీజు 20 వేలు, పదేళ్లకి. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి వెళ్లడం కుదరదు, ప్రదర్శనకో ర్యాలీకో తీయాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు కాబట్టి ఎర్ర టీడీ సంగతి ఆర్‌టీఓ ఆఫీసులో అడిగాకే అమ్ముతాను.

షోలవరం రేసుల్లో పరుగెత్తిన బండి కావాలన్న ఇద్దరికి: మద్రాసు దగ్గర ఆ పాత ఎయిర్‌స్ట్రిప్ రన్‌వే మీద స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు, ఫియట్‌లు, తర్వాత సిపానీ డాల్ఫిన్ కార్లు చాలానే తిరిగాయి. సీజన్‌కో ఇంజిన్ మార్చేవారు, బాడీలు కోసేసేవారు. పోయిన నెల ఒక హెరాల్డ్ చూశాను. రోల్‌కేజ్ (బోల్తా పడితే కాపాడే పైపుల పంజరం) ఉంది, స్టిక్కర్లు ఉన్నాయి. ఆ బండి ట్రాక్ మీద ఉన్న పాత ఫొటో ఒక్కటి చూపించమన్నాను. చూపించలేదు, నేను కొనలేదు.

ఎర్ర టీడీ ఇప్పుడు గేర్‌బాక్స్ లేకుండా స్టాండ్ల మీద ఉంది. చూడాలనుకునేవాళ్లు రండి, ఆదివారం మధ్యాహ్నం దాకా షెడ్డు తెరిచే ఉంటుంది. ఇత్తడి బిళ్ల, క్లచ్ ప్లేటు, స్కేలు మూడూ బల్ల మీదే పెట్టాను. మేస్త్రీ మాత్రం ఆదివారం రాడు.