ఆరోగ్య విభాగం వార్షిక నివేదిక – 2024 (సెయింట్ లూయిస్)

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

బీపీ, షుగరు పరీక్షల శిబిరాలు, ఫ్లూ టీకాలు ఎప్పటిలాగే జరిగాయి. ఈసారి మా సమయం ఎక్కువగా తీసుకున్నది మందుల చీటీల నిఘా చట్టం.

అలవాటు పడే ప్రమాదమున్న మందులు ఎవరికి ఎన్ని ఇచ్చారో నమోదు చేసే రాష్ట్రవ్యాప్త వ్యవస్థ అమెరికాలో లేకుండా చివరిదాకా మిగిలింది మన మిస్సోరీయే. జనాల ఆరోగ్య వివరాలు బయటపడతాయంటూ శాసనసభలో కొందరు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. చూసి చూసి సెయింట్ లూయిస్ కౌంటీ 2017లో సొంతంగా మొదలుపెట్టింది, మరికొన్ని కౌంటీలు వచ్చి చేరాయి. 2021లో చట్టమైతే వచ్చింది గానీ, రాష్ట్రమంతటా అమలయ్యేసరికి 2023 డిసెంబరు. ఇప్పుడు ఆక్సీకోడోన్, ట్రామడాల్ లాంటి గట్టి నొప్పి మందులు, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే ఆల్ప్రజోలామ్ వంటివి ఫార్మసీ ఎవరికి ఎన్ని ఇచ్చిందో నమోదవుతుంది. చీటీ రాసేముందు డాక్టరు చూసుకోవచ్చు.

మే నెల శిబిరానికి ఒక పెద్దావిడ వచ్చారు. మోకాలి ఆపరేషన్ అయి కూతురింట్లో ఉన్నారు. సంచిలోంచి ఇక్కడి నారింజ రంగు సీసా తీశారు, ఆక్సీకోడోన్. దాని వెనకే రబ్బరు బ్యాండు చుట్టిన ఆల్ప్రజోలామ్ స్ట్రిప్పులు, గుంటూరులో ఆర్నెల్లకు సరిపడా కొన్నవి. "నిద్ర మాత్రేగా నాయనా, పదేళ్ల నుంచీ వేసుకుంటున్నా" అన్నారు. ఈ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. 2016 నుంచీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటి మీద గట్టి హెచ్చరిక ముద్రింపిస్తోంది. డాక్టరు ఎంత శ్రద్ధగా రికార్డు చూసినా అందులో గుంటూరు స్ట్రిప్పులు ఎలా కనిపిస్తాయి? ఆ పూటే కూతురి చేత డాక్టరుకు ఫోన్ చేయించాం. అలాగని భయపడి మీకు మీరే మానేయకండి. ఏళ్ల తరబడి వాడిన ఆల్ప్రజోలామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

అప్పటి నుంచీ ప్రతి శిబిరంలో పెద్దవాళ్ల మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసిస్తున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా అది చూపించండి. క్యాన్సర్ నొప్పికి మందు వాడే ఒక సభ్యుడు తన పేరు రికార్డులోకి ఎక్కుతుందని కుంగిపోయారు. పేరు ఉండటం తప్పేమీ కాదు, నొప్పికి మందు అడగడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

అక్టోబరులో మిగిలిన మాత్రలు వాపసు ఇచ్చే రోజున కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని వెళ్లాం. ఆక్సీకోడోన్ లాంటి నొప్పి మందు మోతాదు మించి ఊపిరి ఆగిపోతుంటే కాపాడే నలాక్సోన్ ముక్కు స్ప్రే వాడకం వచ్చే ఏడాది నేర్పిస్తాం. 2023 నుంచి అది చీటీ లేకుండానే దొరుకుతోంది. దానికయ్యే ఖర్చును సర్వసభ్య సమావేశం ఆమోదించాలని కోరుతున్నాం. వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లు, టికెట్లు కొన్నరోజే వాళ్ల మందుల జాబితా కూడా తెప్పించుకోండి.

– ఆరోగ్య విభాగం కన్వీనర్