పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?

సంపాదకునికి,

వేసవి సెలవులొచ్చినా వీధుల్లో పిల్లల అలికిడి లేదు. మా చిన్నప్పుడు పదేళ్లవాడూ, ఆరేళ్లవాడూ ఒకే జట్టు. పంటలు వేసుకుని దొంగను తేల్చేవాళ్లం. మరీ చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్లం. అవుటైనా వాడికి లెక్క లేదు. ఏడుపెంకులాటలో బంతి తగిలిందా లేదా అన్న తగువు మేమే తీర్చుకోవాలి, పెద్దలదాకా వెళ్తే ఆటే బంద్. ఇప్పుడు ఆ తగువు తల్లుల వాట్సాప్ గ్రూపుకెక్కుతోంది. (ఆ రోజులన్నీ బంగారమేమీ కాదు. కులం చూసి పిల్లల్ని కలవనివ్వని ఇళ్లూ ఉండేవి.)

తప్పంతా ఫోన్లమీదికి నెట్టేస్తే ఎలా? మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ‘ఇక్కడ బాల్ ఆడరాదు’ అని బోర్డు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ టెన్షన్. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. మరి అద్దె భవనాల్లో, గజం ఖాళీ జాగా లేకుండా నడిచే బడులకు గుర్తింపు ఎలా వస్తోందో విద్యాశాఖ చెప్పాలి. ప్రభుత్వ బడుల మైదానాలను సాయంత్రాలు, సెలవుల్లో చుట్టుపక్కల పిల్లలకు తెరవాలి. కాపలాకు మాలాంటి రిటైరైనవాళ్లం వస్తాం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు