ఫుటేజీ చెరిగిపోకముందే అడగాలి

సంపాదకులు గారికి,

పోలీసుల మీద ఆరోపణ వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్‌లో ఒకే తంతు. మధ్యాహ్నం ఒక వీడియో బయటికొస్తుంది. చీకటి పడేలోపు కాలనీ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల కింద తీర్పు కూడా వచ్చేస్తుంది. కొందరు ఇన్‌స్పెక్టర్‌ను జైల్లో వేయమంటారు, కొందరు 'వాడేం చేశాడో ముందు అది చెప్పండి' అంటారు. ఇంతమంది పట్టించుకోవడం మంచిదే. ఠాణా లోపల జరిగింది బయటివాళ్ల కంట పడకపోతే కాగితాల్లోనే సమాధి అయిపోతుంది. మా బాధల్లా ఒక్కటే: వాదన సాగే ఆ రెండు మూడు వారాల్లోనే అసలు ఆధారం చెరిగిపోతోంది.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారని, తాము ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. జనం అక్కడికి వెళ్లి పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పింది నమ్మశక్యంగా లేదని, చంపాలనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అందులో ఉంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా కమిషన్ చెప్పింది. ఆ వ్యవహారం తర్వాత హైకోర్టుకు చేరింది. పూలు చల్లిన రోజున మాత్రం ఎవరి చేతిలోనూ పోస్టుమార్టం నివేదిక లేదు, తూటాల పరీక్ష ఫలితం లేదు.

ఇంకోవైపు చూడండి. 2020 మేలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు పోలీసుల తొలి ప్రకటన దాన్ని 'వైద్యపరమైన ఘటన' అంది. దారిన పోతున్న ఒక అమ్మాయి మధ్యలో ఆపకుండా ఫోనులో తీసిన వీడియో ఆ ప్రకటనను అబద్ధం చేసింది. ఆ వీడియో నిలబడడానికి కారణం దాని నిడివి. పోలీసు అధికారి మోకాలు మెడ మీద ఉన్న తొమ్మిది నిమిషాల పైచిలుకు సమయం కోర్టులో లెక్కకు వచ్చింది. అదే ముప్పై సెకన్ల ముక్క అయి ఉంటే ముందేం జరిగిందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది.

కాబట్టి వీడియో తీసినవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, ఏ ఫోనులో ఎప్పుడు తీశారన్న వివరాలు రాలిపోతాయి. పది గ్రూపులు తిరిగొచ్చిన కాపీ కోర్టులో దాదాపు పనికిరాదు. అసలు ఫైలు తీసిన ఫోనులోనే ఉండాలి. పేరు మార్చకూడదు, కత్తిరించకూడదు, పైన బాణం గుర్తులు పెట్టకూడదు. కాపీ ఇవ్వాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ కాపీని దాఖలు చేస్తే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క సెకను కోసినా మారిపోతుంది. వీడియో తీసిన రోజే ఆ విలువ లెక్కగట్టి రాసి పెట్టుకుంటే, మార్ఫింగ్ అన్న ఆరోపణ వచ్చినప్పుడు చూపించడానికి ఉంటుంది.

సీసీ కెమెరాల సంగతి ఇంకా తొందరది. కిరాణా కొట్టులోనో అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో నాలుగు కెమెరాలకు ఒక టీబీ హార్డ్‌డిస్క్ ఉంటే రెండు మూడు వారాలకు పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే మొదటి రోజే యజమానిని కలిసి కాపీ అడగాలి. తీసుకునేటప్పుడు డీవీఆర్ (కెమెరాల దృశ్యాలు రికార్డయ్యే పెట్టె) తెర పక్కన సెల్‌ఫోను పెట్టి, రెండింటి టైమూ కనిపించేలా ఒక ఫొటో తీయాలి. డీవీఆర్ గడియారాలు ఐదు పది నిమిషాలు అటూ ఇటూ ఉండడం మామూలు. ఈ ఫొటో లేకే 'టైము మార్చేశారు' అన్న గొడవలు పుడతాయి. మధ్యలో నిమిషం ఖాళీ కనిపించగానే చెరిపేశారని అనుకోకూడదు. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టిన కెమెరాల్లో అలాంటి ఖాళీలు సహజం. సెకనుకు పది పదిహేను ఫ్రేములే తీసే కెమెరాలో చెయ్యి ఎత్తడానికీ దించడానికీ మధ్య జరిగింది సగం కనిపించదు. దాన్ని స్లో మోషన్‌లో తిప్పి చూసి 'కొట్టాడు', 'కొట్టలేదు' అని గట్టిగా చెప్పడం తప్పు.

ఠాణాలోని కెమెరాల విషయంలో పౌరుడి చేతిలో మంచి ఆయుధమే ఉంది. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రతి స్టేషన్లో గేటు, లాకప్పులు, వరండాలు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక భాగం అన్నీ కెమెరా కిందికి రావాలి. శబ్దం కూడా రికార్డు కావాలి. రికార్డింగ్ 18 నెలలు ఉంచాలి, అంత నిల్వ సామర్థ్యమున్న పరికరం మార్కెట్లో దొరక్కపోతే కనీసం ఏడాది. కాబట్టి 'ఫుటేజీ బయటపెట్టండి' అని పోస్టు పెట్టి ఊరుకోవద్దు. ఫలానా తేదీ, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, రిసెప్షన్, లాకప్ బయటి వరండా, వెనక గేటు కెమెరాల రికార్డింగ్ భద్రపరచండి అని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కాగితం రాసి, డీసీపీకి ప్రతి పంపి, రసీదు తీసుకోవాలి. చేతికి తీసుకోకపోతే స్పీడ్ పోస్టు. 'ఆ రోజు కెమెరా పనిచేయలేదు' అన్న జవాబు వస్తే అక్కడితో వదలకూడదు. కెమెరా చెడిపోతే వెంటనే జిల్లా పర్యవేక్షణ కమిటీకి తెలపాల్సిన బాధ్యత ఆ అధికారిదేనని అదే తీర్పులో ఉంది. ఆ లేఖ ఎక్కడ, ఏ తేదీన రాశారు అని అడగాలి.

గాయాల ఫొటోల మీద జరిగే చర్చ మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతుంది. శవం వీపు మీద ఊదా రంగు మరకలు చూసి చితకబాదారని రాస్తారు. మనిషి చనిపోయాక రక్తం కిందివైపుకి దిగి, కొన్ని గంటల్లో అలాంటి మరకలే ఏర్పడతాయి. వెల్లకిలా పడుకోబెడితే అవి వీపు మీద వస్తాయి, నేలకు ఆనిన భుజాల ఎముకల దగ్గర చర్మం మాత్రం తెల్లగా ఉంటుంది. కమిలిన గాయమా, ఈ మరకా అన్నది పోస్టుమార్టంలో కోసి చూస్తే తెలుస్తుంది. కమిలిన చోట రక్తం కండలో ఇంకిపోయి ఉంటుంది, నీళ్లతో కడిగినా పోదు. మరకైతే కడిగితే పోతుంది. లాఠీ దెబ్బ చాలాసార్లు రెండు సమాంతర ఎర్ర గీతలుగా, మధ్యలో పాలిపోయిన చారగా పడుతుంది. రైలు పట్టాల్లా ఉంటుంది. అది ఫొటోలో కనిపిస్తే గట్టిగానే ప్రశ్నించవచ్చు. అరికాళ్ల మీద కొడితే పైకి ఏమీ కనిపించకపోవచ్చు, చర్మం మందం కాబట్టి. అందుకే 'ఒంటి మీద గాయాల్లేవు' అన్న మాటతో పోలీసుల తరఫు వాళ్లు నిశ్చింత పడడమూ తప్పే. అరికాళ్లు కోసి చూశారా అన్నది నివేదికలో వెతకాలి. కమిలిన చోట పచ్చబారుతోందంటే సాధారణంగా అది కొన్ని రోజుల కిందటిది. నిన్ననే అరెస్టు చేశామని రికార్డు చెబుతుంటే ఆ రంగు మీద డాక్టర్ అభిప్రాయం అడగాల్సిందే. సెల్‌ఫోను ఫొటోలో రంగు చూసి మనమే రోజులు లెక్కగట్టకూడదు. 'గుండె, ఊపిరి ఆగి మృతి' అన్న వాక్యమూ ఏమీ చెప్పదు. ఎవరు చనిపోయినా అవి ఆగే చనిపోతారు. ఎందుకు ఆగాయన్నదే కారణం. చాలా కేసుల్లో అది రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి పరీక్షల ఫలితం వచ్చేదాకా తేలదు.

కాగితాల్లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టరు. అది పోలీసులు రాసేది కాదు. మనిషిని ఎన్నింటికి తెచ్చారు, ఎవరు తెచ్చారు, అప్పటికి ప్రాణం ఉందా అన్నవి అందులో ఉంటాయి. దాని పక్కన అరెస్టు మెమో, స్టేషన్ జనరల్ డైరీ (రోజూ స్టేషన్లో జరిగింది రాసే పుస్తకం), మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచిన టైము పెట్టి చూడాలి. తేడా ఉంటే ఇక్కడే బయటపడుతుంది. 'సోమవారం తీసుకెళ్లి బుధవారం అరెస్టు చూపారు' అన్న ఆరోపణ తేలేదీ ఇక్కడే. కస్టడీలో మరణమైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణ జరగాలి, 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సమాచారం వెళ్లాలి, పోస్టుమార్టం వీడియో తీయాలి. కమిషన్‌కు ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాదిలోపే ఇవ్వాలి. ఎస్సైని హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేశారన్న వార్తను శిక్షగానో నేరం ఒప్పుకోవడంగానో చదవకండి, అది రెండూ కాదు.

పాత వీడియోలు, వేరే రాష్ట్రాల వీడియోలు తెచ్చి మన దగ్గర జరిగినట్లు పెట్టడం కూడా ఉంది. వాహనం నంబరు చూడండి. మన దగ్గర 'టీజీ' నంబర్లు 2024 మార్చిలో మొదలయ్యాయి. 2021లో తీశారన్న వీడియోలో ఆ నంబరు కనిపిస్తే అక్కడే ఆపేయవచ్చు. మసక ఫొటో చూసి ఫలానా కానిస్టేబుల్ అని పేరు, ఇంటి అడ్రసు పెట్టేవాళ్లను దయచేసి ఆపండి. తప్పు మనిషైతే ఆ కుటుంబం వీధిలో తిరగలేదు. సరైన మనిషే అయినా గుర్తింపు పరేడ్‌కు (సాక్షి పలువురిలోంచి నిందితుణ్ని గుర్తుపట్టడానికి) కోర్టులో విలువ పోయి, డిఫెన్స్ లాయరుకు లాభం.

పైన చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులో ఇంకో మాట ఉంది. ఈ స్టేషన్ సీసీ కెమెరాల నిఘాలో ఉందని, హక్కులకు భంగం కలిగితే బాధితులు ఫుటేజీ భద్రపరచమని కోరవచ్చని ఇంగ్లిష్, హిందీతో పాటు స్థానిక భాషలోనూ పెద్ద బోర్డు గేటు దగ్గర, లోపల పెట్టాలి. నగరంలోని ఎన్ని ఠాణాల్లో ఆ బోర్డు తెలుగులో ఉందో మీ విలేకరులు ఒకసారి తిరిగి చూసి, స్టేషన్ల వారీగా ప్రచురించాలని కోరుతున్నాం.

— కొందరు క్రిమినల్ న్యాయవాదులు, ఫోరెన్సిక్ వైద్యులు,
హైదరాబాద్