అయిదోవాడి గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ వచ్చిందంటే మన పేపర్లలో హాఫ్‌టైమ్ పాటలు, యాడ్ రేట్లు, గ్యాలరీలో ఎవరు కూర్చున్నారు, ఇవే. ఆట గురించి రెండు ముక్కలుండవు. నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను, ఇక్కడ మనవాళ్ల పిల్లలకి ఈ ఆట క్రికెట్ కంటే బాగా తెలుసు, వాళ్ల దగ్గరే నేనూ నేర్చుకున్నాను.

2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఈగల్స్ జట్టు 40-22తో చీఫ్స్‌ని ఓడించారు కదా, ఆ రోజే 22 ఏళ్లు నిండిన కూపర్ డిజీన్ అనే ఈగల్స్ కుర్రాడు చీఫ్స్ ఆటగాడు మహోమ్స్ తనవాళ్లకి విసిరిన బంతిని మధ్యలో లాగేసుకుని 38 గజాలు పరిగెత్తి చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. అతనాడే స్థానం పేరు నికెల్. పాత లెక్కలో ఆ స్థానమే లేదు. డిఫెన్స్ 11 మందిలో ముందు ఏడుగురు బరువైనవాళ్లు, వెనక నలుగురు చురుకైనవాళ్లు, అంతే. అవతలివాళ్లు స్ప్రెడ్ అంటూ బంతి అందుకునే రిసీవర్లని నలుగురైదుగురిని మైదానం 53 గజాల వెడల్పునా పరిచేసరికి ముందు ఏడుగురిలో ఉండే లావుపాటి లైన్‌బ్యాకర్లు వాళ్ల వెనక పరిగెత్తలేక చచ్చేవాళ్లు. అందుకే ఒక లైన్‌బ్యాకర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి వెనక ఇంకో చురుకైనవాణ్ణి దించారు. అయిదోవాడు కాబట్టి అయిదు సెంట్ల నాణెం పేరు పెట్టారు. (ఆరుగురుంటే డైమ్, అంటే పది సెంట్లు! లెక్క నన్నడక్కండి.)

అవసరమైనప్పుడే మార్చుకోవచ్చుగా అంటారేమో. బంతి ఉన్న టీమ్ మనుషుల్ని మారిస్తేనే డిఫెన్స్‌కి మార్చుకునే టైమ్ ఇస్తారు, వాళ్లు మార్చకుండా గబగబా ఆడేస్తే ఉన్నవాళ్లతోనే సర్దుకోవాలి. ఫోర్ట్‌వర్త్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) జట్టు కోచ్‌గా చేసిన గ్యారీ ప్యాటర్సన్ అందుకే అయిదుగురిని ఎప్పుడూ మైదానంలోనే ఉంచేవాడు, దాన్ని 4-2-5 అంటారు, ముందు నలుగురు, మధ్యలో ఇద్దరు, వెనక అయిదుగురు. 2010 సీజన్లో, చివర ఆడే రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌తో కలిపి 13కి 13 గెలిచారు.

ఇప్పుడేమో డిఫెన్స్ తేలికైపోయిందని చూసి మళ్లీ బంతి పట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తడం మొదలెట్టారు. ఈగల్స్ బార్క్‌లీ 2024 సీజన్లో అలా 2,005 గజాలు కొట్టాడు. కాబట్టి నికెల్‌కి కాళ్లే కాదు, గుండె కూడా కావాలి. అదే సీజన్లో రేవన్స్ జట్టు మీద ఆడుతూ డిజీన్ 110 కిలోల పైనుండే డెరిక్ హెన్రీని ఒక్కడే పట్టి పడేశాడు.

ఇదంతా ఫోన్లో చెబితే విజయవాడలో మా నాన్న, "అంటే కబడ్డీలో కార్నర్ లాంటోడా?" అన్నారు. దాదాపు అంతే నాన్నా అన్నాను. ఆయన చదివేది మీ పేపరే. వచ్చే ఫిబ్రవరిలో హాఫ్‌టైమ్ ఫొటో పక్కన, ఎవరెక్కడ నిలబడతారో చూపించే చిన్న బొమ్మ ఒకటి వెయ్యండి.

ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్